పియెంజాలో ఒక పూట: ఇటలీ పల్లెల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రోము, వెనిస్ నగరాల గురించి అడిగేవారికి సమాధానాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇటలీ పల్లెలో ఒక రోజు నిదానంగా ఎలా గడపాలి, అక్కడ ఏం తినాలి అని అడిగేవారికి మాత్రం సరైన జవాబు సులభంగా దొరకదు. అందుకే ఈసారి శీర్షికలోని చోటంతా అటువంటి ఉత్తరాలకే ఇచ్చాను. అన్నీ బెంగళూరు నుంచి వచ్చినవే కావడంతో పోలికలు కూడా మనకు తెలిసిన చోట్ల నుంచే తీసుకున్నాను.

ప్రశ్న: వచ్చే మే నెలలో నేను, మావారు, అత్తగారు, మామగారు కలిసి ఇటలీ వెళుతున్నాం. ఫ్లోరెన్స్‌లో మూడు రాత్రులు ఉంటాం. అందులో ఒక రోజును, ఆ నగరం ఉన్న టస్కనీ ప్రాంతపు పల్లెలకు అనుకున్నాం. బస్సులో తిప్పి చూపించేవారు ఒక్క రోజులోనే పీసా, సాన్ జిమిన్యానో, సియెనా, మధ్యలో ద్రాక్షతోటలో భోజనం అంటున్నారు. మామగారికి 72 ఏళ్లు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అంత దూరం వెళ్లి తక్కువ చూసి వస్తే తర్వాత బాధపడతామేమోనని మావారి భయం. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: ఆ బస్సు ఎక్కవద్దండి. ఫ్లోరెన్స్ నుంచి పీసాకు సుమారు 80 కిలోమీటర్లు. సియెనా నుంచి తిరిగి రావడానికి 70 కిలోమీటర్ల పైమాటే. ఈ రెంటి మధ్య సాన్ జిమిన్యానోకు మలుపుల కొండదారి. అంతా కలిసి పన్నెండు గంటల రోజు అవుతుంది. అందులో బస్సులో కూర్చున్న సమయం, బస్సు కోసం నిలబడిన సమయం తీసివేస్తే ఒక్కొక్క ఊరికి మిగిలేది గంట, మహా అయితే గంటన్నర. పొద్దున నంది కొండ, మధ్యాహ్నం లేపాక్షి, సాయంత్రం ఘాటీ సుబ్రహ్మణ్య అని బయలుదేరినవారు లేపాక్షిలో వేలాడే స్తంభం కింద కండువా పోనిచ్చి, పైకప్పు మీది బొమ్మలు చూడటానికి తల ఎత్తకుండానే బండి ఎక్కడం మనం ఎన్నోసార్లు చూశాం కదా, అక్కడా అదే జరుగుతుంది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు అటువంటి బస్సులోనే వెళ్లాను. ఒకప్పుడు సాన్ జిమిన్యానోలో 72 రాతి బురుజులు ఉండేవని చెబుతారు. ఇప్పుడు మిగిలినవి 14. వాటిని లెక్కపెట్టడం పూర్తికాక ముందే బస్సు దగ్గరకు రమ్మని పిలుపు వచ్చింది. ద్రాక్షతోటలో భోజనం అన్నది తోట అంచున వేసిన పొడవాటి షెడ్డులో, మూడు బస్సులవారిని ఒకేసారి కూర్చోబెట్టి, ముందే వండి ఉంచిన పాస్తా వడ్డించి నలభై నిమిషాల్లో లేపడం. పక్క బల్ల మీద ఒక ముసలాయన ఇంకా నములుతుండగానే పళ్లెం తీసుకువెళ్లారు. ఆ పూట నాకు కలిగిన బాధ మీ అత్తగారికి, మామగారికి కలగకూడదని కోరుకుంటున్నాను.

నా సలహా ఇది. ఫ్లోరెన్స్‌లో అనుకున్న మూడు రాత్రులలో ఒకదానిని ఓర్చా లోయకు మార్చండి. సియెనాకు దక్షిణంగా, కారులో గంట దూరంలో ఉన్న ఈ లోయను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఎన్నుకోవలసిన ఊరు పియెంజా. మోకాళ్ల నొప్పులున్నవారితో వెళ్లేటప్పుడు ఈ ఎంపిక ముఖ్యం. సియెనా ఎంత అందమైనదైనా ఎక్కుడు దిగుడు వీధుల ఊరు. పియెంజా కొండ మీద ఉన్నా, కారు దిగిన తర్వాత లోపలి పెద్దవీధి దాదాపు చదునుగా ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివరకు పది నిమిషాల నడక. నలుగురికి కలిపి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకుంటే బస్సుకు నాలుగు టికెట్లు కొన్నదానికంటే ఖర్చు ఎక్కువే అవుతుంది. ఆ ఎక్కువ ఇచ్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఈ ఊరి కథ మామగారికి ముందే చెప్పి తీసుకువెళ్లండి. దీని పాత పేరు కోర్సిన్యానో. 1405లో ఇక్కడ పుట్టిన ఎనెయా సిల్వియో పిక్కోలోమిని 1458లో రెండవ పయస్ పేరుతో పోప్ అయ్యాడు. మరుసటి ఏడే తన పుట్టిన పల్లెను ఆదర్శ నగరంగా తిరిగి కట్టించే పని బెర్నార్దో రొస్సెల్లీనో అనే శిల్పికి అప్పగించాడు. 1462 నాటికి చర్చి, భవనాలు, మధ్యనున్న చౌకు సిద్ధమయ్యాయి, ఊరికి పోప్ పేరు మీదుగా (పయస్‌ను ఇటాలియన్‌లో పియో అంటారు) పియెంజా అనే పేరు వచ్చింది. 1464లో ఆయన చనిపోయాడు, పని అక్కడితో ఆగింది. మూడు నాలుగేళ్లలో కట్టిన ఒక చిన్న చౌకు ఐదున్నర శతాబ్దాలుగా దాదాపు అలాగే ఉంది. చర్చి లోపల పెద్ద పెద్ద కిటికీల నుంచి వెలుతురు ధారాళంగా పడుతుంది, పోప్ కోరుకున్నది అదే. కొండ అంచున నేల బలహీనంగా ఉండటంతో గర్భాలయం వైపు కట్టడం మొదటి నుంచీ కుంగుతూనే ఉంది. అటు నడిచినప్పుడు నేల వాలు పాదాలకే తెలుస్తుంది.

పొద్దున తొమ్మిదిన్నరకు అక్కడికి చేరితే చాలు. కాఫీ తాగి చర్చి చూసి, దాని వెనుక కోటగోడ వెంట ఉన్న కాలిబాట మీదకు వెళ్లండి. అక్కడ రాతి అరుగులు ఉంటాయి. అత్తగారిని కూర్చోబెట్టండి. కింద లోయ అంతా మే నెలలో పచ్చటి గోధుమ చేలు, వాటి మధ్య తెల్లటి మట్టిబాటలు, బాటల వెంట సరుగుడును గుర్తుకు తెచ్చే సన్నటి సైప్రస్ చెట్లు, దూరాన 1,738 మీటర్ల మోంతె అమియాతా అనే చల్లారిన అగ్నిపర్వతం కనిపిస్తాయి. మబ్బు నీడ ఒక చేనులో నుంచి ఇంకొక చేనులోకి జరగడం చూస్తూ మేము గంటకు పైగా అక్కడే కూర్చున్నాం. ఆ గంటను కుదించవద్దు.

పన్నెండున్నర దాటగానే భోజనానికి వెళ్లండి, అదే ఆ రోజుకు అసలైన పని. అగ్రితురిజ్మో అంటే వ్యవసాయం చేసుకునే కుటుంబమే తన పొలంలోని ఇంట్లో అతిథులకు బస, భోజనం ఇచ్చే ఏర్పాటు. వారం ముందే రాసి, ఎంతమంది, ఏమేం తినరు అన్నది చెప్పి చోటు నిలుపుకోవాలి. అడిగితే కొందరు వంటింట్లోకి పిలిచి పని చూపిస్తారు, తప్పకుండా అడగండి. నేను వెళ్లిన ఇంటావిడ ఆ రోజు పిచీ చేస్తోంది. ఇది సియెనా ప్రాంతపు పల్లె పాస్తా. గోధుమపిండి, నీళ్లు, కొంచెం ఉప్పు, ఒక చెంచా ఆలివ్ నూనె కలిపిన ముద్దను మూతపెట్టి నాననిచ్చి, మందంగా ఒత్తి, వేలెడు వెడల్పు పట్టీలుగా కోసింది. ఒక్కొక్క పట్టీని చెక్కబల్ల మీద రెండు అరచేతుల కింద దొర్లిస్తూ మధ్య నుంచి అంచులకు సాగదీసింది. పీట మీద మా అమ్మమ్మ బియ్యప్పిండితో పాలతాలికలు చేసిన తీరు కళ్లముందు మెదిలింది. తాలిక జానెడే, పిచీ మూరెడు పొడుగు. నేను దొర్లించిన పోగు ఒకచోట లావుగా, ఒకచోట దారంలా వచ్చింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుని కొంచెం పైకెత్తింది, అంటే బరువు మోపకు, వేళ్ల మొదళ్లతోనే నడిపించు అని. ఆ తర్వాత పోగు సమంగా వచ్చింది. మాకు ఒకరి భాష ఒకరికి రాదు, పని మాత్రం మాట్లాడుకున్నట్టే సాగింది.

ఆ పిచీకి టమాటా, అల్యోనే కలిపిన సాస్ చేసింది. అల్యోనే అంటే కియానా లోయలో పండే పెద్ద వెల్లుల్లి. ఒక్కొక్క రెబ్బ మన వెల్లుల్లి గడ్డంత ఉంటుంది, ఘాటు చాలా తక్కువ. ముందు పళ్లెంలో రొట్టె వస్తుంది. దానిలో ఉప్పు ఉండదు, మరచిపోయారని అనుకోకండి. టస్కనీ రొట్టెకు ఉప్పు వేయరు. పక్కన తినే చీజ్, కూరలు ఉప్పగా ఉంటాయి కాబట్టి చప్పటి రొట్టె వాటికి సరిపోతుంది. ఆవకాయకు చప్పటి అన్నం కుదిరినట్టే ఇదీ. రొట్టె మీద కొత్త ఆలివ్ నూనె పోసుకుని తింటే గొంతులో మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది, తాజా నూనెకు అది గుర్తు. వంటలు ఒకదాని తర్వాత ఒకటిగా, మధ్యలో పావుగంట విరామంతో వస్తాయి. ఆలస్యమని తొందర చేయకండి. రెండు గంటలు కూర్చోవడం అక్కడ మామూలే. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు కొపెర్తో అని కనిపిస్తుంది. అది బల్లకు, రొట్టెకు వేసే రుసుము, మోసం కాదు.

నాలుగు గంటలకు, ఎండ కొంచెం మెత్తబడ్డాక, బాన్యో విన్యోని అనే చిన్న ఊరికి వెళ్లండి. ఊరి నడుమ చౌకు ఉండవలసిన చోట కోనేరు ఉంటుంది. భూమిలో నుంచి ఉబికే వేడినీటితో నిండిన, రాతి గట్లున్న పెద్ద కోనేరు అది. సియెనాకు చెందిన సెయింట్ కేథరిన్, ఫ్లోరెన్స్ పాలకుడు లొరెంజో దె మెదిచి ఇక్కడికి వచ్చినవారే. కోనేటిలో ఇప్పుడు దిగనివ్వరు. దాని నీరు పారే కాలువ ఊరి చివర కొండవాలు మీదుగా సాగుతుంది. అక్కడ గట్టున కూర్చుని కాళ్లు పెట్టుకోవచ్చు. అత్తగారి మోకాళ్లకు ఆ గోరువెచ్చటి నీళ్లు హాయినిస్తాయి. మే నెలలో పొద్దు ఎనిమిదిన్నర ప్రాంతంలో గాని కుంకదు కాబట్టి బసకు తిరిగి వెళ్లే తొందర ఏమీ ఉండదు.

మీవారి భయం గురించి ఒక మాట. ఫ్లోరెన్స్ విడిచి రాత్రి బస మార్చడం కుదరదంటే, సియెనా, పీసా రెండూ వదిలేసి గ్రెవె ఇన్ కియాంతి అనే ఊరు ఒక్కటే పెట్టుకోండి. ఫ్లోరెన్స్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు, ఊరి బస్సులో గంట ప్రయాణం. ముక్కోణపు చౌకు చుట్టూ వసారాలు ఉంటాయి, శనివారం పొద్దున సంత జరుగుతుంది. చౌకులో నిలబడి ఉన్న విగ్రహం 1524లో న్యూయార్క్ అఖాతంలోకి ఓడ నడిపిన జొవాన్ని ద వెర్రజ్జానోది. సంతలో చెర్రీలు కొనుక్కుని, అక్కడే భోంచేసి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చినా అది నిండు రోజే. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, పల్లె బస్సులు ఆ రోజు బాగా తగ్గిపోతాయి.

ప్రశ్న: మేము గుడ్డు కూడా తినని శాకాహారులం. చీజ్‌లో దూడ కడుపులో నుంచి తీసినది ఏదో కలుపుతారని మా అమ్మాయి అంటోంది. నిజమేనా? పల్లెల్లో మాకు భోజనం దొరుకుతుందా? పచ్చళ్లు, పొడులు తీసుకువెళ్లాలా?
— జయనగర్ పాఠకులు

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజం. ఇంట్లో పాలు విరగ్గొట్టడానికి మనం నిమ్మరసమో పులిసిన మజ్జిగో వాడతాం. ఐరోపాలో గట్టి చీజ్‌లు చేయడానికి సంప్రదాయంగా పాలుతాగే దూడ, గొర్రెపిల్ల, మేకపిల్ల కడుపులో నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పార్మిజానో రెజ్జానో అనే పేరు పెట్టుకోవాలంటే దూడ రెన్నెట్టే వాడాలన్నది నియమం. గొర్రెపాలతో చేసే పెకొరీనో రొమానోకు గొర్రెపిల్లది వాడతారు. కాబట్టి ఈ రెండూ మీకు పనికిరావు. పాస్తా మీద తురిమి చల్లేది సాధారణంగా వీటిలో ఒకటే కనుక, చల్లవద్దని ముందే చెప్పాలి.

అయితే ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. టస్కనీలో గొర్రెపాలను అడవి ఆర్టిచోక్ జాతి ముళ్లమొక్క పూలతో తోడుపెట్టే పాత పద్ధతి ఉంది, ఇప్పటికీ కొన్ని పొలాల్లో అలా చేస్తున్నారు. పియెంజా పెకొరీనోకు పేరుపొందిన ఊరు. అక్కడి అంగళ్లలో అడుగు పెట్టగానే ‘కాల్యో వెజెతాలె?’ అని అడగండి. మొక్కల నుంచి తీసిన రెన్నెట్టా అని దాని అర్థం. చాలా అంగళ్లలో ఏ చక్రం దేనితో చేశారో చెప్పి, ఒక ముక్క కోసి రుచికి ఇస్తారు. మస్కర్పోనెను రెన్నెట్‌తో కాక, వేడి మీగడలో పులుపు కలిపి చేస్తారు. అది మీకు సరే గాని, దానితో చేసే తిరమిసులో పచ్చి గుడ్డు ఉంటుంది. పన్నా కోత్తాలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జెలటిన్ వేస్తారు. భోజనం చివర పళ్లో, పళ్లరసంతో చేసిన సొర్బెత్తోనో తీసుకోండి.

భోజనం విషయంలో దిగులు అక్కరలేదు. టస్కనీ పల్లె వంట పేదల ఇళ్లలో పుట్టినది, మాంసం ఎప్పుడో పండగలకే. రిబొల్లీత అంటే మళ్లీ మరిగించినది అని అర్థం. నల్ల క్యాబేజీ ఆకు, తెల్ల చిక్కుడు గింజలు, క్యారెట్, మిగిలిన రొట్టె కలిపి ఉడికించి, మరునాడు తిరిగి మరిగించి తింటారు. మన పులుసు మరునాటికి రుచి ఎక్కడం తెలిసినవారికి దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎండిన రొట్టెను టమాటాతో ఉడికించే పాప్పా అల్ పొమొదోరో, రొట్టె, టమాటా, ఉల్లిపాయ కలిపే పంజానెల్లా కూడా మీవే. టస్కనీ సముద్రతీరపు ఊళ్లలో శనగపిండి, నీళ్లు, నూనె కలిపి పెద్ద రాగి పళ్లెంలో కాల్చే చెచీనా అనే అట్టు దొరుకుతుంది. మన ఇంటి శనగపిండి అట్టుకు అది దగ్గరి చుట్టం. పిచీలో చాలా ఇళ్లలో గుడ్డు వేయరు. తల్యతెల్లెలో తప్పక వేస్తారు. ఎండు స్పగెట్టి, పెన్నెలలో సాధారణంగా గోధుమరవ్వ, నీళ్లు తప్ప ఏమీ ఉండవు.

జాగ్రత్త పడవలసింది కనబడని వాటి విషయంలో. చిక్కుడు గింజల సూపులో మాంసపు రసం పోసి ఉండవచ్చు, రిబొల్లీతలో పందిమాంసం తాలింపు ఉండవచ్చు, టమాటా సాస్‌లో చిన్నచేపలు కరిగిపోయి ఉండవచ్చు, కొన్ని రొట్టెల్లో పందికొవ్వు కలుపుతారు. ఇటలీలో వెజెతారియానో అంటే గుడ్డు, చీజ్ తినేవారు అనే అర్థం చేసుకుంటారు. కాబట్టి ఈ వాక్యం కాగితం మీద రాసుకుని చూపించండి: ‘నియెంతె కార్నె, నియెంతె పెషె, నియెంతె వోవా, నియెంతె బ్రోదో ది కార్నె, నియెంతె స్ట్రుత్తో.’ మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, మాంసపు రసం వద్దు, పందికొవ్వు వద్దు అని అర్థం.

కందిపొడి, కరివేపాకు పొడి తీసుకువెళ్లండి. నెయ్యి సీసా మాత్రం వద్దు. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల ప్రయాణికులు పాలతో, మాంసంతో చేసిన వాటిని తీసుకురాకూడదు, విమానాశ్రయంలో తీసి పారవేస్తారు. పొడి మీద ఆలివ్ నూనె పోసుకుంటే బాగుంటుంది, నేను అలాగే తిన్నాను.

ప్రశ్న: నేను, నా భార్య ఇద్దరమే వెళుతున్నాం. కారు అద్దెకు తీసుకుని నేనే నడపాలనుకుంటున్నాను. కర్ణాటక లైసెన్సు చాలునా? అక్కడ ఇబ్బందులు ఏమిటి?
— వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జవాబు: చాలదు. దానితో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మీ ప్రాంతీయ రవాణా కార్యాలయం దాన్ని ఇస్తుంది. రుసుము 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. వీసా వచ్చాక అప్లై చేద్దామని ఆఖరి వారం వరకు ఆగకండి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. గేర్లు మార్చనక్కరలేని కారు కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కార్లు గేర్లవే.

పెద్ద చిక్కు జెడ్‌టీఎల్ అనే పరిమిత రాకపోకల మండలాలు. ఫ్లోరెన్స్, సియెనాల పాత ఊరి భాగంలోకే కాదు, చాలా చిన్న కొండ ఊళ్లలోకి కూడా బయటివారి కార్లు వెళ్లకూడదు. గేటు ఉండదు, పోలీసు ఉండడు, ఎర్ర వలయమున్న ఒక బోర్డు, పైన ఒక కెమెరా, అంతే. ఒక్కొక్కసారి దాటినందుకు ఒక్కొక్క జరిమానా. నాలుగైదు నెలల తర్వాత బెంగళూరు ఇంటికి రెండు కాగితాలు వచ్చినప్పుడు గాని మా కారు ఒకే వీధిలోకి రెండుసార్లు వెళ్లిందని మాకు తెలియలేదు. కారు అద్దెకు ఇచ్చినవారు మా చిరునామా అక్కడి అధికారులకు అందించినందుకు వేరే రుసుము ముందే కార్డులో నుంచి తీసుకున్నారు. ఫోను చూపే దారి ఈ మండలాల గురించి ఎప్పుడూ హెచ్చరిస్తుందని నమ్మకండి. కోటగోడ కనిపించగానే బయట ఉన్న పార్కింగులో కారు నిలిపి నడవండి. ఫ్లోరెన్స్‌లో అసలు కారు వద్దు. నగరం విడిచే రోజు పొద్దున తీసుకుంటే చాలు.

ద్రాక్షతోటలకు వెళతారు కనుక ఇది కూడా చెప్పాలి. అక్కడి చట్టం ప్రకారం లీటరు రక్తంలో ఆల్కహాలు 0.5 గ్రాములు మించకూడదు. లైసెన్సు తీసుకుని మూడేళ్లు దాటనివారికి ఒక్క చుక్క కూడా ఒప్పదు. ఇద్దరిలో ఒకరు ఆ పూట రుచి చూడకుండా ఉండక తప్పదు.

ప్రశ్న: ఏ నెలలో వెళితే బాగుంటుంది?
— బొమ్మనహళ్లి పాఠకురాలు

జవాబు: మీరు ఏ రంగు చూడాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి. ఏప్రిల్, మే నెలల్లో గోధుమ చేలు పచ్చగా ఉంటాయి, మే నెలలో వాటి మధ్య ఎర్ర గసగసాల పూలు. జూన్ చివరికి చేలు బంగారు రంగుకు తిరుగుతాయి. కోతలయ్యాక జులై, ఆగస్టులలో దున్నిన మట్టి గోధుమ రంగులో, ఎండ మన రాయలసీమలా ఉంటుంది. ఆగస్టు 15 చుట్టూ దేశమంతా సెలవు తీసుకుంటుంది, ఆ రెండు వారాలు తప్పించండి. సెప్టెంబరులో ద్రాక్ష కోతలు, అక్టోబరు చివర నుంచి నవంబరు దాకా ఆలివ్ కోతలు. నన్ను ఒకే నెల చెప్పమంటే అక్టోబరు అంటాను. గుంపులు తగ్గుతాయి, నెలాఖరుకు వంటింట్లో కొత్త నూనె వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు అనంతపురం జిల్లాలో నలభై ఏళ్లు వేరుశనగ పండించారు. ఇప్పుడు యలహంకలో మా దగ్గర ఉంటున్నారు. ఆయన్ను కూడా తీసుకువెళ్లాలని మా కోరిక. ‘ఎవరి పొలాలో చూడటానికి అంత డబ్బు పోసి వెళ్లాలా’ అంటున్నారు. ఆయనకు నచ్చేది అక్కడ ఏమైనా ఉందా?
— యలహంక పాఠకుడు

జవాబు: మీ అందరికంటే ఆయనే ఎక్కువ చూస్తారని నా గట్టి నమ్మకం. మాకు అందంగా కనిపించే ఆ కొండ చరియలు ఎవరి చెమటతో అలా ఉన్నాయో ఆయనకు చెప్పక్కరలేదు. శతాబ్దాల పాటు టస్కనీ సేద్యం మెజ్జద్రియా పద్ధతిలో సాగింది. భూమి, ఇల్లు ఆసామివి, శ్రమ రైతు కుటుంబానిది, పంట చెరిసగం. మన పల్లెల్లో సగపాలు సేద్యం చూసినవారికి ఇది కొత్త కాదు. 1964లో అటువంటి కొత్త ఒప్పందాలను చట్టం నిషేధించింది. అప్పటికే రైతులు ఫ్యాక్టరీ పనుల కోసం పట్టణాలకు తరలిపోతున్నారు, కొండల మీది రాతి ఇళ్లు ఎన్నో పాడుబడ్డాయి. పొలం మీద మిగిలినవారికి మరొక ఆదాయం ఉంటేనే నిలుస్తారని 1985లో అగ్రితురిజ్మో చట్టం తెచ్చారు. అందుకే దానిలో మెలిక పెట్టారు: అతిథులు పక్కపనిగానే ఉండాలి, వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి. బస ఎంచుకునేటప్పుడు ఈతకొలను ఫోటోలు చూడకుండా, ఆ ఇంట్లో ఏం పండిస్తారో అడిగి ఎంచుకోండి.

సియెనా నగర సభాభవనంలో ఆంబ్రొజో లొరెంజెత్తి 1338, 1339 సంవత్సరాలలో గోడ మీద వేసిన మంచి పాలన చిత్రం ఉంది. దానిలో సగం పల్లెదే. నూర్చేవారు, దున్నేవారు, గాడిదల మీద బస్తాలతో ఊరికి వెళ్లేవారు, వెనుక అవే కొండలు. లిఫ్టు గురించి ముందే కనుక్కుని, మీ నాన్నగారిని ఆ గోడ ముందు నిలబెట్టండి. ఏ పని ఏ కాలంలోదో ఆయనే మీకు చెబుతారు.

వీలైతే నవంబరు మొదట్లో వెళ్లండి. చెట్ల కింద వలలు పరిచి, చేతి దువ్వెనలతో ఆలివ్ కాయలు రాల్చి, పెట్టెల్లో అదే రోజు గానుగకు తెస్తారు. ఇప్పుడు గానుగలు ఉక్కు యంత్రాలే. ఆకులు ఊది తీసి, కాయను గింజతో సహా ముద్ద చేసి, ముద్దను నెమ్మదిగా కలిపి, తిప్పి నూనె విడదీస్తారు. సీసా మీద చల్లగా తీసినదని రాయాలంటే వేడి 27 డిగ్రీలు దాటకూడదు. వంద కిలోల కాయకు పది నుంచి పదిహేను కిలోల నూనె వస్తుంది. వేరుశనగ నూనె దిగుబడి తెలిసిన మనిషికి ఆ లెక్క వినగానే ఆలివ్ నూనె ధర ఎందుకంతో అర్థమవుతుంది.

చెట్టు మొదళ్లు కూడా చూపించండి. 1985 జనవరిలో టస్కనీలో గడ్డకట్టే చలి వచ్చి ఆలివ్ తోటలు చాలావరకు మాడిపోయాయి. రైతులు వాటిని నేలమట్టానికి నరికి, వేరు నుంచి వచ్చిన చిగుళ్లను పెంచుకున్నారు. అందుకే చాలా చెట్లకు ఒకే మొదలు మీద మూడు నాలుగు కాండాలు గుండ్రంగా నిలబడి ఉంటాయి. నేను బస చేసిన చోట పెద్దాయన ఒక చెట్టు మధ్యకు వంగి, ఖాళీగా ఉన్న పాత మొదలు మీద అరచెయ్యి వేసి, దాని వెడల్పు ఎంత ఉండేదో చేతులతో చూపించాడు. వాన ఎగవేసిన ఏళ్లలో చేను గట్టున నిలబడ్డ మీ నాన్నగారికి ఆయన చెప్పేది అనువాదం లేకుండానే సగం తెలుస్తుంది.

మిగిలిన సగానికి, ఆయన అడగాలనుకునే ప్రశ్నలు నాలుగైదు ముందే ఇటాలియన్‌లో రాయించుకుని వెళ్లండి: నీళ్లు ఎక్కడివి, ఎరువు ఏమిటి, కూలి ఎంత, కోతకు మనుషులు దొరుకుతున్నారా, పిల్లలు పొలంలో ఉంటున్నారా. అక్కడ లెక్క హెక్టార్లలో చెబుతారు. హెక్టారు అంటే రెండున్నర ఎకరాలకు కొంచెం తక్కువ. ఆ సంగతి ఆయనకు విమానంలోనే చెప్పి ఉంచండి, లేకపోతే దిగుబడి విని నమ్మరు.